కారవాన్ హీరోలకేనా? మా అమ్మకి వద్దా!

షూటింగ్ చూడ్డానికి వెళ్లినవాళ్లకి ముందుగా దర్శనమిచ్చేది హీరోగారు కాదు... హీరోగారి కారవాన్! పొడుగాటి బండి, నల్లటి అద్దాలు, పక్కన గుర్రుమంటూ జనరేటరు, మెట్ల దగ్గర ఎవర్నీ దరి చేరనివ్వని ఓ గళ్ల చొక్కా మనిషి! ఆ తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎర్రటి ఎండలో గంటలకొద్దీ నిలబడే అభిమానుల్లో మీరూ ఉండే ఉంటారు. ఇందులో దాపరికం ఎందుకు? నేనూ నిలబడ్డవాణ్ణే!

నిలబడ్డంతసేపూ ఒకటే గుసగుసలు. లోపల పందిరిమంచం ఉంటుందని ఒకడంటే, ఈతకొలను కూడా ఉంటుందని ఇంకొకడు! అల్లు అర్జున్ 2019లో 'ఫాల్కన్' అనే తన సొంత కారవాన్ ఫోటోలు బయటపెట్టినప్పుడు దాని ఖరీదు 7 కోట్లని పత్రికలు రాశాయి. ఆ వారమంతా మా సత్తెనపల్లి టీకొట్ల దగ్గర మిర్చి రేటు, పత్తి రేటు పక్కకి పోయి ఈ బండి రేటు మీదే చర్చ.

"ఏడు కోట్లు పెడితే ఏడు మేడలు కట్టొచ్చు గదరా! చక్రాలున్న ఇల్లు ఎందుకంట?" అని నిలదీశాడు టీకొట్టు బాబాయి.

సమాధానం చెప్పినవాడు లేడు. కానీ ప్రశ్న మాత్రం మంచిదే! హీరోలంటే సరే. అమెరికాలో పింఛను మీద బతికే పెద్దవాళ్లూ, నెలజీతగాళ్లూ కూడా అప్పు చేసి మరీ ఇలాంటి బండ్లు కొంటారు. వాళ్లు వాటిని ఆర్వీ అంటారు. మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ అమర్చిన బండి. సెలవులొచ్చాయంటే ఏ అడవి పక్కనో, ఏ చెరువు గట్టునో ఆపుకుని నాలుగు రోజులు అందులోనే కాపురం! వీధికో హోటలున్న దేశంలో ఇదేం సరదా?

సరదా ఒక్కటే అయితే నేనిది రాసే పనే లేదు. ఇప్పుడు మా ఇంట్లోనే అలాంటి బండి కొనే వ్యవహారం నడుస్తోంది. సత్తెనపల్లిలో చిన్న ఫోటో స్టూడియో పెట్టుకున్నవాడికి కారవానా అని నవ్వకండి. మొత్తం విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వుదురుగాని!

చెట్టు నీడే మేకప్ రూం

మన సినిమాల్లో కారవాన్లు నిన్న మొన్నటివే. 1967లో బాపు గారు 'సాక్షి' సినిమా తీయడానికి గోదావరి జిల్లాలోని పులిదిండి వెళ్లారు. సెట్టింగుల్లేవు, స్టూడియో లేదు, అంతా ఆ ఊళ్లోనే! కృష్ణ, విజయనిర్మల నటించిన ఆ సినిమా ఔట్‌డోర్ షూటింగు మీద మనవాళ్లకి మోజు పెంచింది. ఆ రోజుల్లో ఔట్‌డోర్ అంటే చెట్టు నీడే మేకప్ రూం. మడత కుర్చీయే సింహాసనం. హీరో అయినా కారు సీట్లో కాళ్లు ముడుచుకుని కునుకు తియ్యాల్సిందే.

మగవాళ్లకి చెట్టు చాలు. మరి ఆడవాళ్లకి? హీరోయిన్ పాటలో నాలుగు చీరలు మార్చాలి. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఉండాలి. ఊరు దగ్గరుంటే ఎవరో ఒకరి ఇల్లు అడుక్కునేవాళ్లు. ఊరు లేకపోతే నలుగురు ఆడవాళ్లు చుట్టూ దుప్పట్లు పట్టుకునేవాళ్లు. తెర మీద నవ్వుతూ తుళ్లుతూ పాడే ఆ అమ్మాయి, ఆ పూట మంచినీళ్లు తాగడానికి కూడా భయపడేదంటే మీరు నమ్మాలి. హిందీ తార జయా బచ్చన్ 2022లో తన మనవరాలు నడిపే పాడ్‌కాస్ట్‌లో ఈ సంగతులు మొహమాటం లేకుండా చెప్పారు. ఔట్‌డోర్‌లో నెలసరి రోజులొస్తే పొదల చాటే గతి అయ్యేదట!

1990ల మొదట్లో బొంబాయిలో ఈ వ్యానిటీ వ్యాన్ల వ్యాపారం తెచ్చిందెవరనుకున్నారు? ఏ హీరో కాదు, ఏ కోటీశ్వరుడైన నిర్మాతా కాదు. పూనమ్ ధిల్లాన్ అనే నటి! తోటి తారల బాధ తెలిసిన మనిషి కాబట్టే ఆ ఆలోచన వచ్చింది.

కొన్నేళ్ల కిందట అమరావతి దగ్గర ఓ చిన్న సినిమా షూటింగు జరిగితే స్టిల్స్ తియ్యడానికి నన్నూ రెండు రోజులు పిలిచారు. అప్పుడు మొదటిసారి కారవాన్ లోపలికి అడుగుపెట్టాను. ఈతకొలనూ లేదు, పందిరిమంచమూ లేదు. చుట్టూ బల్బులున్న పెద్ద అద్దం, ఓ సోఫా, ఓ ఏసీ, చివర్లో బీరువా అంత బాత్రూం. నేను ఏసీ వంక ఆశగా చూస్తుంటే పెద్ద వయసు హెయిర్ డ్రెస్సర్ ఒకావిడ నవ్వింది.

"అందరూ ఏసీనే చూస్తారు బాబూ! మాకు మాత్రం ఈ బండిలో విలువైంది ఆ చివరి తలుపే. ముప్పై ఏళ్ల నుంచి ఈ పనిలో ఉన్నా. ఆ తలుపు వచ్చినాకే పగటిపూట కడుపునిండా నీళ్లు తాగుతున్నా" అంది.

ఆ మాట నా చెవిలో అలాగే ఉండిపోయింది. ఎందుకంటే... మా ఇంట్లోనూ నీళ్లు తాగని మనిషి ఒకరున్నారు!

అమెరికా వెళ్లగలదు... దుర్గి వెళ్లలేదు!

మా అమ్మకి డెబ్భై నాలుగేళ్లు. ఒంట్లో షుగరు, రెండు మోకాళ్లలోనూ అరుగుదల. గంటకోసారి బాత్రూంకి వెళ్లాలి. అదీ కుర్చీలా కూర్చునే రకమే ఉండాలి. కింద కూర్చుంటే లేవలేదు. ఇంట్లో అన్నీ అమర్చాం కాబట్టి ఇంట్లో ఆవిడే మహారాణి. గుమ్మం దాటితేనే కష్టం.

గుంటూరు డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ముందురోజు రాత్రి నుంచే మంచినీళ్లు మానేసేది. "ఏందమ్మా ఇది? షుగరు మనిషివి, నీళ్లు తాగకపోతే ఎట్టా?" అంటే, "దారిలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టమంటావా అబ్బాయ్?" అనేది. పెళ్లిళ్లు మానేసింది. సీమంతాలు మానేసింది. అడిగినవాళ్లకి మాత్రం "ఇంట్లో పనుంది వదినా!" అని చెప్పేది.

మా అమ్మకి ఒక్కతే చెల్లెలు. మా పిన్ని. దుర్గి అవతల పల్లెటూళ్లో ఉంటుంది. ఆవిడకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు సరిగ్గా పనిచెయ్యవు. మా ఊరి నుంచి అక్కడికి రెండున్నర గంటల ప్రయాణం. నాలుగేళ్లపాటు అక్కచెల్లెళ్లిద్దరూ ఫోన్లో వీడియో కాల్‌లోనే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకే పళ్లెంలో తిని పెరిగినవాళ్లు!

ఇక చూడండి విచిత్రం. 2023 వేసవిలో మా అక్క రమ్మని గొడవ చేస్తే అమ్మ అమెరికా వెళ్లొచ్చింది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ఇస్తారు. విమానంలో నాలుగడుగుల దూరంలో బాత్రూం. సుఖంగా డెన్వర్ చేరింది. అంటే... సముద్రాలు దాటి అమెరికా వెళ్లగలిగిన మనిషి, పక్కనున్న దుర్గి వెళ్లలేకపోయింది! దూరం మైళ్లలో ఉండదని నాకు అప్పుడే అర్థమైంది.

ఎల్లోస్టోన్‌లో ఆవకాయ

అక్కడ మా అక్కా బావా ఓ ఆర్వీ అద్దెకి తీసుకుని అమ్మని ఎల్లోస్టోన్ చూపించారు. 1872లో ఏర్పడిన ఆ పార్కు ప్రపంచంలో మొట్టమొదటి జాతీయ పార్కు. నేలలోంచి వేడినీళ్లు తాటిచెట్టంత ఎత్తున ఎగజిమ్ముతాయి. డెన్వర్ నుంచి ఐదారు వందల మైళ్లు. రానూపోనూ వారం రోజులు అమ్మ ఆ బండిలోనే ఉంది. తిరిగొచ్చాక ఆవిడ చెప్పిన కబుర్లలో వేడినీళ్ల ఊటలు తక్కువ, బండి సంగతులు ఎక్కువ!

బండి కింద మూడు ట్యాంకులుంటాయట. ఒకటి మంచినీళ్లకి. రెండోది గిన్నెలు కడిగిన నీళ్లకి, స్నానం నీళ్లకి. మూడోది... ఆ మూడోదే! రెండుమూడు రోజులకోసారి వీటికోసమే కట్టిన చోటికి వెళ్లి లావుపాటి గొట్టం తగిలించి ఖాళీ చెయ్యాలి. "మీ బావ మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకి తొడుగులేసుకుని ఆ పని చేస్తుంటే నాకు ఒకటే నవ్వు! పెళ్లిచూపుల్లో ఎంత బిగుసుకుని కూర్చున్నాడో!" అని అమ్మ ఇప్పటికీ తలుచుకుని నవ్వుతుంది. రాత్రి ఆగిన చోట స్తంభానికి వైరు తగిలిస్తే కరెంటు. గ్యాసుపొయ్యి మీద అన్నం, పప్పు. ఇంటి నుంచి పట్టుకెళ్లిన ఆవకాయ.

ఆ ఆవకాయే కొంప ముంచబోయిందట! ఎలుగుబంట్లు తిరిగే చోటు కదా... తిండి వాసన బయటికి రాకూడదు. తినేవన్నీ బండిలో పెట్టి తలుపులు వెయ్యాలి, లేదా అక్కడుండే ఇనప పెట్టెల్లో దాచాలి. కొన్ని చోట్ల గుడ్డ డేరాలు వేసుకోనివ్వరు. గట్టి గోడలున్న బండ్లకే అనుమతి. మా అమ్మ బండి మెట్ల మీద జాడీ పెట్టుకుని అన్నం కలుపుతుంటే కాపలాదారు వచ్చి లోపలికి వెళ్లి తినమ్మా అని సైగలు చేశాడట. "మన గుంటూరు కారం తింటే ఆ ఎలుగుబంటే పారిపోద్ది" అని అమ్మ ధీమా!

అన్నీ చెప్పి చివర్లో ఒక్క మాట అంది. "ఆ వారం రోజులూ నాకు ఎప్పుడు దాహమేస్తే అప్పుడు నీళ్లు తాగా అబ్బాయ్!"

రథాలూ... గూడుబండ్లూ...

చక్రాల మీద ఇల్లు తెల్లవాళ్ల ఆలోచన అనుకునేరు! తెలుగువాళ్లు ఎన్నటికీ మరిచిపోలేని బండి ఒకటుంది. చైతన్య రథం! 1982లో ఎన్.టి.రామారావు గారు పార్టీ పెట్టాక ఓ పాత షెవర్లే వ్యాన్‌ని మార్పించి, హరికృష్ణ నడుపుతుండగా రాష్ట్రమంతా తిరిగారు. దాని మీదే ఉపన్యాసం, అందులోనే పడక. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం. ఆ ఫోటోలు మీరు చూసే ఉంటారు. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయాలు మనకొద్దు. బండి సంగతి చూడండి... ఆయన కొన్నది వైభోగం కాదు. ఫలానా టైముకి ఫలానా గెస్ట్‌హౌస్‌కి చేరాలన్న బెడద లేకుండా, జనం ఎక్కడుంటే అక్కడ ఆగే స్వేచ్ఛ!

అంతకు ముందు? మా పల్నాట గూడుబండి ఉండేది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలేవి. బండిలో వరిగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, పైన గూడు కట్టి, ఇరుసుకి లాంతరు వేలాడగట్టి, గిన్నెలూ బియ్యం మూటా సర్దుకుని బయల్దేరేవాళ్లు. కొండ కింద ఎడ్లని విప్పి, మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తే అదే ఇల్లు. ఆకాశమంత ఎత్తు ప్రభలు, వాటి మీద రంగు రంగుల కరెంటు బల్బులు, తెల్లవార్లూ మైకుల్లో సినిమా పాటలు! పసిపిల్లలూ, ముసలమ్మలూ బండిలో పడుకునే తిరునాళ్లంతా చూసేవాళ్లు. మా అమ్మా, పిన్నీ చిన్నప్పుడు అలా వెళ్లినవాళ్లే.

దొరల కథ కూడా ఇలాగే మొదలైంది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండ్ డాక్టరుగారు 'వాండరర్' అనే ఇంటిబండి చేయించుకుని, రెండు గుర్రాలు కట్టి, దక్షిణ ఇంగ్లండ్ నుంచి ఇన్వర్నెస్ దాకా సాగిపోయారు. మన గూడుబండికి మేనత్త కొడుకన్నమాట! 1910లో అమెరికాలో పియర్స్ యారో కంపెనీ న్యూయార్క్ ప్రదర్శనలో ఓ కారు పెట్టింది. వెనక సీటు వాలిస్తే మంచం, డ్రైవరు సీటు వెనక మడిచే కుళాయి తొట్టి... ఇంకా ఓ మరుగు పాత్ర! చూశారా? తొలినాటి మోటారు ఇంట్లోనే బాత్రూం సంగతి మరిచిపోలేదు.

మన సినిమావాళ్లకీ ఈ రుచి తెలుసు. 'అందాల రాముడు' (1973)లో రాజమండ్రి నుంచి భద్రాచలం దాకా గోదావరి మీద లాంచీలో సాగే కథ ఎందుకంత హాయిగా ఉంది? అక్కినేని వారితోపాటు వంటా, పడకా, పోట్లాటా, ప్రేమా అన్నీ కలిసి ప్రయాణం చేశాయి కాబట్టి! ఇల్లు కదులుతుంటే మనుషులు దగ్గరవుతారు. అదే హాలీవుడ్‌లో 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్' (1954) చూడండి. కొత్తగా పెళ్లయిన జంట పొడుగాటి ట్రైలరు ఇల్లు కొనుక్కుని నానా అవస్థలూ పడతారు. ఇక 'నోమాడ్‌లాండ్'! 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచిన ఆ సినిమాలో ఇల్లూ ఉపాధీ పోయినవాళ్లు వ్యాన్లలోనే బతుకుతారు. చక్రాల ఇల్లు ఒకరికి విలాసం, ఒకరికి వినోదం, ఒకరికి గత్యంతరం లేని గూడు.

ఏనుగుని కొనొచ్చు... మేపాలి కదా!

అమ్మ అమెరికా నుంచి వచ్చిన నాటి నుంచీ నేనూ, మా అన్నయ్యా బండి లెక్కల్లో పడ్డాం. పాత ట్రావెలర్ వ్యాను కొని లోపల మంచం, పొయ్యి, బాత్రూం పెట్టిస్తే ఎంత? బాడీ కట్టే ఆయన చెప్పిన అంకె విని అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. అమ్మ పేరున ఊరి చివర ఐదు సెంట్ల స్థలం ఉంది. అది అమ్మేస్తే సరిపోతుంది.

మాట వినీ వినకముందే అమ్మ కయ్యిమంది. "మీ నాన్న చెమటోడ్చి కొన్న స్థలం! ఇల్లు కట్టుకోవాల్సిన చోటు అమ్మి, చక్రాల ఇల్లు కొంటారా? పెళ్లికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు, ఊరికెళ్తూ ఇంటిని మోసుకుపోతారంట! నోరు ముయ్యండి ఇద్దరూ!"

అమ్మ అన్నదాంట్లోనూ న్యాయం ఉంది. 2020లో కరోనా వచ్చాక హోటల్ అంటే జనం భయపడ్డారు. అమెరికాలో ఆర్వీలు వేడి వేడి మిరపకాయ బజ్జీల్లా అమ్ముడయ్యాయి. 2021లో ఫ్యాక్టరీల నుంచి 6 లక్షలకి పైగా బండ్లు బయటికొచ్చాయి. రికార్డు! 2023 వచ్చేసరికి అది 3 లక్షల చిల్లరకి పడిపోయింది. భయం పోయింది, మోజు తీరింది. కొన్న బండ్లు చాలా ఇళ్ల ముందు గుడ్డ కప్పుకుని నిలబడ్డాయి. నడిచినా నడవకపోయినా టైర్లు పాతబడతాయి, బ్యాటరీ చస్తుంది, ఇన్సూరెన్సు కట్టాల్సిందే. ఏనుగుని కొనడం తేలికే, మేపడమే కష్టం!

మన దగ్గర ఇంకో చిక్కు. ఉన్న వ్యానుని మన ఇష్టం వచ్చినట్టు కోసి కుట్టించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన రూపం మారేట్టు మార్పులు చెయ్యకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. సొంత వాడకానికి 'కాంపర్ వ్యాన్' అని రిజిస్ట్రేషన్లో వేరే తరగతి ఉంది. ఆ కాగితాలన్నీ సక్రమంగా పుట్టాలి. పైగా రాత్రిపూట ఆపుకోవడానికి కరెంటు స్తంభం, ట్యాంకు ఖాళీ చేసే చోటు ఉండాలి కదా? 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ల కోసం ప్రత్యేకంగా ఓ పథకమే ప్రకటించి, బండ్లు ఆగడానికి పార్కులు పెట్టించడం మొదలెట్టింది. మన వైపు పెట్రోలు బంకు వాళ్ల దయ, తెలిసినవాళ్ల దొడ్డి!

అందుకే ముందు అద్దెకి తెచ్చి చూద్దాం అనుకున్నాం.

వీధిలోకి కారవాన్ వచ్చింది!

అమరావతి షూటింగులో పరిచయమైన డ్రైవరుని పట్టుకున్నాను. సినిమావాళ్లకి బండ్లు అద్దెకిచ్చే యజమానితో మాట్లాడించి, రెండు రోజులకి ఓ చిన్న కారవాన్ మాట్లాడాడు. మాఘమాసం, శివరాత్రికి ఇంకా ఇరవై రోజులుంది. తెల్లవారి ఏడింటికి బండి మా వీధిలోకి మలుపు తిరిగింది. అంతే!

ఐదు నిమిషాల్లో వీధంతా జనం. మేడల మీద జనం. స్కూలుకి పోయే పిల్లలు సంచులతో సహా మూగారు. "బ్రహ్మానందం గారొచ్చారంట!" అని ఎవడో పుట్టించాడు. ఆయన పుట్టిన చాగంటివారిపాలెం మా పక్కనే కదా, అందరూ నమ్మేశారు! సెల్‌ఫోన్లు పైకి లేచాయి. కారవాన్ తలుపు తెరుచుకుంది... డ్రైవరు దిగి మెట్లు దించాడు... అందరి చూపూ అటే... మా గుమ్మంలోంచి మోకాలికి పట్టీ వేసుకుని, నేత చీర కట్టుకుని, ఓ చేత్తో కర్ర, ఓ చేత్తో మంచినీళ్ల సీసా పట్టుకుని మా అమ్మ వచ్చి బండెక్కింది!

ఓ క్షణం నిశ్శబ్దం. తర్వాత ఓ కుర్రాడు ఈల వేశాడు. వీధి వీధంతా చప్పట్లు! మా అమ్మ మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి, నవ్వి, చెయ్యి ఊపింది. ఏ హీరోయిన్ ఎంట్రీకీ అంత రెస్పాన్స్ నేను చూడలేదు!

దారిలో మూడుసార్లు బాత్రూంకి వెళ్లింది. ఎవర్నీ బండి ఆపమని అడగలేదు. రెండుసార్లు నీళ్ల సీసా నింపించుకుంది. దుర్గి దాటి పిన్ని వాళ్ల ఇంటి ముందు బండి ఆగింది. పిన్ని మంచం మీంచి లేవలేదు కాబట్టి అమ్మే లోపలికి వెళ్లింది. ఆ తర్వాత అరగంట మేమెవ్వరం ఆ గదిలోకి వెళ్లలేదు. అది అక్కచెల్లెళ్ల సీను. వాళ్లిద్దరికే వదిలేశాం.

మధ్యాహ్నం పిన్నిని కూడా ఎత్తి బండిలో పడుకోబెట్టాం. "ఎక్కడికే?" అంటే "కోటప్పకొండకే!" అంది అమ్మ. సాయంత్రానికి కొండ కింద ఓ తెలిసినవాళ్ల చేలో బండి ఆపాం. పైకి కారులో తీసుకెళ్లి ఇద్దరికీ స్వామి దర్శనం చేయించాం. రాత్రి మేము బయట పట్టా పరుచుకుని పడుకున్నాం. బండిలో లైటు ఆరింది గానీ మాటలు ఆగలేదు. గూడుబండిలో వచ్చినప్పుడు ఎవరు ఎవరి జడ లాగారు, ఏ ఎద్దు ఏ గడ్డి తినలేదు... అరవై ఏళ్ల నాటి లెక్కలన్నీ ఆ రాత్రే తేలాయి. నడిజామున కూడా పిన్ని నవ్వు వినిపించింది.

మోకాలు బుకింగ్ ఇవ్వదు!

"బాగుంది గదా? ఇంకేం, నెలకోసారి అద్దెకి తెచ్చుకుందాం. కొనడం ఎందుకు?" అన్నాడు అన్నయ్య, తిరిగొచ్చాక. లెక్క ప్రకారం సరైన మాటే. వయసులో ఉన్నవాళ్లకి, ఏడాదికో రెండేడాదులకో షికారు వెళ్లేవాళ్లకి అద్దె బండే మేలు. మీలో ఎవరైనా ఫ్రెండ్సుతో అరకు వెళ్దామనుకుంటే దయచేసి బండి కొనకండి, అద్దెకి తెచ్చుకోండి!

కానీ రెండోసారి బండి మాట్లాడబోతే షూటింగులున్నాయి, పది రోజులు ఆగాలన్నారు. పది రోజులు ఆగాం. బండి వచ్చే రోజుకి అమ్మకి మోకాలు వాచింది. కాన్సిల్. మళ్లీ అమ్మ బాగున్న రోజున బండి లేదు. అప్పుడు తెలిసింది అసలు కిటుకు. మోకాలు ముందుగా బుకింగ్ ఇవ్వదు! పెద్దవాళ్లకి బాగుండే రోజు పొద్దున లేచాకే తెలుస్తుంది. ఆ పొద్దున బండి మన గుమ్మంలో ఉండాలి. టీకొట్టు బాబాయికి నేను బాకీ పడ్డ సమాధానం ఇదే. జనం ఇలాంటి బండి కొనేది ఊళ్లు చూడ్డానికే కాదు. ఇంట్లో ఆగిపోయిన మనిషిని మళ్లీ ఊళ్లకి తీసుకుపోవడానికి! హీరోయిన్‌కైనా, ముసలమ్మకైనా, చంటిపిల్ల తల్లికైనా... ఆ చివరి తలుపు ఉంటేనే ప్రయాణం.

అమ్మ స్థలం అమ్మలేదు. అమ్మనివ్వలేదు కూడా! అక్క కొంత పంపింది, అన్నయ్యా నేనూ తలో చెయ్యీ వేశాం, పిన్ని కొడుకు తన వాటా తనిచ్చాడు. నాలుగు ఇళ్లకీ ఒకటే బండి. ఏసీ లేదు, టీవీ లేదు. రెండు పడకలు, ఒక పొయ్యి, ఒక మంచి బాత్రూం. కాగితాల పని నడుస్తోంది, బండి బాడీ కట్టేవాళ్ల దగ్గరుంది. వచ్చే శివరాత్రి ప్రభలకి ఇస్తామన్నారు.

మొన్న రంగు వేసే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, బండి వెనకాల పేరేమైనా రాయమంటావా? చానామంది హీరోల పేర్లు రాయించుకుంటారు."

నేను అమ్మనడిగాను.

"పేర్లొద్దు, బొమ్మలొద్దు" అంది అమ్మ. "మెట్ల పక్కన పట్టుకోడానికి గట్టి కడ్డీ ఒకటి పెట్టమను. మీ పిన్నికి కుడి చెయ్యే పనిచేస్తది... ఎక్కేటప్పుడు కుడి పక్కకి ఉండాలని మరీ మరీ చెప్పు!"